ఫోన్‌లోని ఫోటోలు, వీడియోలు నాణ్యత తగ్గకుండా, పోకుండా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకోవడం ఎలా?

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. నర్సంపేటలో ఉంటున్న మీ దగ్గర 128 జీబీ ఆండ్రాయిడ్ ఫోన్ నిండిపోయింది. చెల్లెలి పెళ్లి వీడియోలు, 2024 మేడారం జాతర వీడియోలు, పిల్లల ఫోటోలు అన్నీ కలిపి దాదాపు 90 జీబీ ఉన్నాయి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెడితే ఛార్జింగ్ మాత్రమే ఎక్కుతోంది. వాట్సాప్‌లో పంపుకుంటే బొమ్మ మసకబారుతోంది. మిత్రుడి కేబుల్‌తో ఒకసారి కాపీ మొదలైనా మధ్యలో ఆగిపోయింది. ఇంట్లో మీ శ్రీమతి గారి ఐఫోన్ కూడా ఉంది, దానికి ఏం చేయాలన్నది మీ రెండో ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, ఇంత పెద్ద మొత్తానికి డేటా కేబుల్‌ను మించిన దారి లేదు. ఫైళ్లను 'కట్' చేయకండి, 'కాపీ' మాత్రమే చేయండి. ఒకేసారి కాకుండా 10, 15 జీబీల విడతలుగా చేయండి. వచ్చినవన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్న తర్వాతే ఫోన్‌లో తొలగించండి. కాపీ చేయడం ఒక పని, తొలగించడం వేరే పని. ఈ రెండింటినీ ఒకే పూటలో, ఒకే ఊపులో చేసినవాళ్లే ఫోటోలు పోగొట్టుకుంటారు.

నేను హనుమకొండలో ఒక ఫోటో స్టూడియోలో ఆల్బమ్ డిజైనింగ్, వీడియో మిక్సింగ్ పని చేస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో మా కెమెరాల ఫుటేజీతో పాటు ఇంటివాళ్లు, చుట్టాలు ఫోన్లలో తీసినవి కూడా ఆల్బమ్‌లోకి కావాలని అడుగుతారు కాబట్టి, రకరకాల ఫోన్లను కంప్యూటర్‌కు కలపడం నాకు రోజువారీ పని. కింద రాసేదంతా ఆ పనిలో చూసినదే.

ముందు కేబుల్ సంగతి. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలు ఉంటాయి. రెండు కరెంటుకు, రెండు డేటాకు. చవకగా దొరికే కొన్ని కేబుళ్లలో డేటా తీగలు రెండూ అసలు ఉండవు. చూడటానికి తేడా ఏమీ కనిపించదు, ఛార్జింగ్ కూడా చక్కగా ఎక్కుతుంది, కానీ ల్యాప్‌టాప్‌కు ఫోన్ ఉనికే తెలియదు. కాబట్టి ఫోన్ డబ్బాలో వచ్చిన కేబుల్‌ను వెతికి దానితోనే మొదలుపెట్టండి. అది లేకపోతే దుకాణంలో ఛార్జింగ్ కేబుల్ అని కాకుండా డేటా కేబుల్ అని అడిగి, వీలైతే అక్కడే ఏదైనా కంప్యూటర్‌కు పెట్టి చూసి కొనండి.

కేబుల్ మంచిదైనా ఛార్జింగ్ మాత్రమే ఎక్కడానికి ఇంకో కారణం ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లు భద్రత కోసం, కంప్యూటర్‌కు కలిపిన వెంటనే లోపలి ఫైళ్లను చూపించవు. ఫోన్ లాక్ తీసి, పై నుంచి నోటిఫికేషన్ల పట్టీని కిందికి లాగితే యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతోందన్న సూచన కనిపిస్తుంది. దాన్ని నొక్కి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' అన్నది ఎంచుకోవాలి. అప్పుడు ల్యాప్‌టాప్‌లో 'దిస్ పీసీ' తెరిస్తే ఫోన్ పేరు కనిపిస్తుంది. మా దగ్గరికి 'మా ఫోన్ కనెక్ట్ కావడం లేదు' అని వచ్చేవారిలో చాలామందికి ఈ ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. ఇంకా కొందరికి ఫోన్ కింది రంధ్రంలో జేబు నూలు, దుమ్ము గట్టిగా పేరుకుని పిన్ను పూర్తిగా లోపలికి వెళ్లదు. మీ మిత్రుడి కేబుల్‌తో మధ్యలో ఆగిపోయిందన్నారు కాబట్టి ఇది తప్పక చూడండి. కేబుల్‌ను కొద్దిగా కదిలిస్తే ఛార్జింగ్ గుర్తు వచ్చిపోతోందంటే లోపం అక్కడే ఉంది. ఫోన్ ఆపేసి, పళ్లు కుట్టుకునే చెక్క పుల్లతో నెమ్మదిగా తీయండి. గుండుసూది వంటి లోహపు వస్తువులు మాత్రం వాడవద్దు.

వేగం గురించి ముందే తెలుసుకుంటే కంగారు ఉండదు. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే లెక్క ప్రకారం 60 ఎంబీ. ఆచరణలో 30 ఎంబీ వస్తే బాగా వచ్చినట్టే. ఆ లెక్కన మీ 90 జీబీకి సుమారు 50 నిమిషాలు పడుతుంది. చిన్న ఫోటోలు వేలల్లో ఉంటే ఒక్కో ఫైలుకు కొంత సమయం అదనంగా పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువే అనుకోండి. ఫోన్‌కు టైప్-సీ రంధ్రం ఉంది కదా, వేగంగా వెళ్లాలి కదా అని చాలామంది అడుగుతారు. టైప్-సీ అన్నది ఆకారం మాత్రమే. తక్కువ ధర, మధ్య రకం ఫోన్లలో చాలావాటికి ఆ ఆకారం వెనుక ఉన్నది యూఎస్‌బీ 2.0 వేగమే. 2023లో వచ్చిన ఐఫోన్ 15కు కూడా టైప్-సీ ఉన్నా వేగం పాతదే. ఆ వరుసలో ప్రో రకాలకు మాత్రమే ఎక్కువ వేగం ఇచ్చారు, దానికీ వేరే కేబుల్ కావాలి.

ఇక కాపీ ఎందుకు మధ్యలో ఆగిపోతుంది? పెన్‌డ్రైవ్ పెడితే కంప్యూటర్ దాన్ని తన సొంత డిస్కులా చదువుతుంది. ఫోన్ విషయంలో అలా కాదు. లోపలి స్టోరేజీ అధికారం ఫోన్ చేతిలోనే ఉంటుంది. కంప్యూటర్ ఒక్కో ఫైలును అడగాలి, ఫోన్ ఇవ్వాలి. ఈ పద్ధతిని ఎంటీపీ అంటారు. వేల ఫోటోలున్న ఫోల్డర్ తెరవగానే లోడ్ అవుతోందన్న గుర్తు చాలాసేపు కనిపించేది అందుకే. అప్పటికి కంప్యూటర్ ప్రతి ఫోటోకూ చిన్న బొమ్మను తెప్పించుకునే పనిలో ఉంటుంది. ఆ సమయంలోనే అన్నింటినీ ఎంపిక చేసి కాపీ కొడితే రెండు పనులు ఒకదానికొకటి అడ్డం పడి మొత్తం బిగుసుకుపోతుంది. అందువల్ల ఫోల్డర్ తెరిచిన వెంటనే 'వ్యూ'లో 'డీటెయిల్స్' పెట్టండి. బొమ్మలు పోయి పేర్లు, తేదీలు, సైజులు వరుసగా కనిపిస్తాయి. ఆ లోడింగ్ పూర్తయ్యే వరకు ఆగండి. తర్వాత తేదీ వారీగా పేర్చి, ఒక నెలవి లేదా ఒక వేడుకవి ఎంచుకుని, ల్యాప్‌టాప్‌లో '2024 మేడారం', 'చెల్లి పెళ్లి' వంటి ఫోల్డర్లు ముందుగానే చేసుకుని వాటిలోకి కాపీ చేయండి. ఒక విడత ముగిశాకే రెండోది మొదలుపెట్టాలి. కాపీ జరుగుతున్నంతసేపూ ఫోన్‌ను బల్ల మీద కదలకుండా ఉంచండి, కెమెరా తెరవకండి, ల్యాప్‌టాప్ నిద్రలోకి జారకుండా ఛార్జర్ పెట్టి సెట్టింగ్ మార్చుకోండి.

ఏయే ఫోల్డర్లు తీసుకోవాలన్నది కూడా చాలామందికి తెలియదు. ఫోన్ కెమెరాతో తీసినవి 'డీసీఐఎం' అనే ఫోల్డర్‌లో 'కెమెరా' అన్న దానిలో ఉంటాయి. స్క్రీన్‌షాట్లు, ఇతర యాప్‌ల బొమ్మలు 'పిక్చర్స్'లో, కొన్ని ఫోన్లలో 'డీసీఐఎం'లోనే వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. చుట్టాలు వాట్సాప్‌లో పంపినవి మాత్రం చాలా లోపల ఉంటాయి. 'ఆండ్రాయిడ్', దానిలో 'మీడియా', దానిలో 'కామ్ డాట్ వాట్సాప్', దానిలో 'వాట్సాప్', దానిలో మళ్లీ 'మీడియా' తెరిస్తే ఇమేజెస్, వీడియో అన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. డీసీఐఎం ఒక్కటే తీసుకుని అంతా వచ్చేసిందనుకుని ఫోన్‌ను రీసెట్ చేసినవారు ఉన్నారు. పోయిన పెద్దవాళ్ల ఫోటోలు చాలా ఇళ్లల్లో ఇప్పుడు ఎవరో పంపిన వాట్సాప్ రూపంలోనే మిగిలి ఉంటాయి కాబట్టి ఈ ఫోల్డర్‌ను మరవకండి.

కట్ ఎందుకు వద్దంటున్నానో ఒక ఉదాహరణ చెబుతాను. పరకాల వైపు నుంచి ఒక కుటుంబం పెళ్లి ఆల్బమ్ పని మీద వచ్చింది. ఫోన్ ఖాళీ అవుతుందని వాళ్ల అబ్బాయి ఇంట్లో కట్ చేసి పేస్ట్ చేశాడట. మధ్యలో కేబుల్ ఊడింది. కొన్ని ఫైళ్లు ఫోన్‌లో, కొన్ని ల్యాప్‌టాప్‌లో ఉండిపోయాయి. అప్పగింతల వీడియో ఒకటి ల్యాప్‌టాప్‌లో పేరుతో సహా కనిపిస్తోంది, సైజు కూడా వందల ఎంబీల్లో ఉంది, కానీ తెరుచుకోదు. ఫోన్‌లో చూస్తే అక్కడ లేదు. ఎందుకిలా అంటే, వీడియో ఫైలులో ఏ దృశ్యం ఎక్కడ ఉందో చెప్పే సూచిక ఒకటి ఉంటుంది, దాన్ని ఫోన్ కెమెరా మామూలుగా రికార్డింగ్ ఆపిన తర్వాత ఫైలు చివర రాస్తుంది. చివరి ముక్క రాకపోతే ముందున్న 95 శాతం చేరినా ప్లేయర్‌కు దాన్ని చదవడం తెలియదు. అదే ఫోన్‌తో తీసిన ఇంకో మంచి వీడియోను నమూనాగా ఇచ్చి ఇలాంటి ఫైళ్లను సరిచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటితో ప్రయత్నించి కొంత భాగం తిరిగి తెచ్చాము గానీ, ధ్వని చాలాచోట్ల తప్పింది. కాపీ చేసి ఉంటే అసలు ఫైలు ఫోన్‌లో అలాగే ఉండేది.

సరిచూసుకోవడం ఇలా. ఫోన్ ఫోల్డర్‌లోనూ, ల్యాప్‌టాప్ ఫోల్డర్‌లోనూ కంట్రోల్ ఏ నొక్కితే కింది పట్టీలో ఎన్ని ఫైళ్లు ఎంపికయ్యాయో కనిపిస్తుంది. ఆ రెండు సంఖ్యలు సరిపోవాలి. ఒక్కోసారి ఫోన్ వైపు కొన్ని ఎక్కువగా కనిపించి భయపెడతాయి. వాటి పేర్లు చూడండి. చుక్కతో మొదలై 'ట్రాష్డ్' అని ఉంటే అవి మీరు ఇదివరకే తొలగించి ఇంకా చెత్తబుట్టలో ఉన్నవి. ఫోన్ సెట్టింగ్స్‌లో చూపే జీబీలను విండోస్ చూపే జీబీలతో పోల్చవద్దు. చాలా ఫోన్లు వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది కాబట్టి, ఫోన్‌లో 90 జీబీ అన్నది ల్యాప్‌టాప్‌లో 84కు కాస్త తక్కువగా కనిపించడం సహజం.

సంఖ్య సరిపోయాక ల్యాప్‌టాప్ ఫోల్డర్‌ను సైజు వారీగా పేర్చండి. సున్నా కేబీ ఉన్నవి ఏవైనా అడుగున తేలితే అవి రానట్టే, మళ్లీ కాపీ చేయాలి. పైన ఉన్న పెద్ద వీడియోలను ఒక్కొక్కటిగా తెరిచి, చివరి నిమిషానికి జరిపి ఆడించండి. మొదలు ఆడితే చాలదు, చివర కూడా ఆడాలి. పెళ్లి వీడియోల వంటి మళ్లీ తీయలేని వాటికి ఈ ఓపిక అవసరం.

తేదీల విషయంలో ఒక మాట. కాపీ చేశాక ఫైలు తేదీ ఈరోజుదిగా కనిపిస్తే ఆందోళన పడకండి. ఫోటో తీసిన తేదీ, సమయం ఫోటో లోపలే నమోదై ఉంటాయి. విండోస్‌లో 'డేట్ టేకెన్' అన్న వరుసను చేర్చుకుని దాని ప్రకారం పేరిస్తే అసలు క్రమం వస్తుంది. వాట్సాప్ ద్వారా వచ్చిన ఫోటోలకు మాత్రం ఈ లోపలి సమాచారం తొలగిపోతుంది. వాటి పేరులో ఉండే తేదీ కూడా అందిన రోజుదే తప్ప తీసిన రోజుది కాదు.

వాట్సాప్‌లో మసకబారడానికి కారణం అది బొమ్మను కుదించి పంపడం. మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గిపోతుంది. అచ్చుకు మేము అంగుళానికి 300 పిక్సెళ్లు చూసుకుంటాము కాబట్టి, అలాంటి ఫోటో అయిదు అంగుళాలకు మించి పెద్దది చేస్తే తేలిపోతుంది. అదే ఫోన్‌లోని 12 మెగాపిక్సెళ్ల అసలు ఫోటో 4000 పిక్సెళ్ల పొడవు ఉంటుంది, 13 అంగుళాల వరకు నిలుస్తుంది. కరిజ్మా ఆల్బమ్‌లో 12 బై 36 షీటు మీద పెట్టాలంటే అసలు ఫైలే కావాలని మేము పట్టుబట్టేది ఇందుకే. ఒకటి రెండు ఫైళ్లు అత్యవసరంగా పంపాలంటే వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పంపండి. 2 జీబీ వరకు, ఉన్నది ఉన్నట్టుగా వెళుతుంది. 90 జీబీకి అది పనికిరాదు.

కేబుల్ లేకుండా చేసే మార్గాల్లో క్విక్ షేర్ మంచిది. 2024 జనవరిలో గూగుల్ వారి నియర్‌బై షేర్, శాంసంగ్ వారి క్విక్ షేర్ రెండూ కలిసి ఈ పేరుతో ఒకటయ్యాయి. ల్యాప్‌టాప్‌లో దాని విండోస్ యాప్ వేసుకుంటే వైఫై ద్వారా నేరుగా పంపుకోవచ్చు, ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు. అయిదారు జీబీల లోపు పనికి నేనూ ఇదే వాడతాను.

ఇంటర్నెట్ ద్వారా ఎక్కించడం మీ విషయంలో లాభం లేదు. గూగుల్ ఫోటోస్‌లో ఉచిత అపరిమిత నిల్వ 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్ అన్నింటికీ కలిపి 15 జీబీయే ఉచితం. రోజుకు 2 జీబీ వచ్చే మొబైల్ ప్లాన్‌తో 90 జీబీ పంపాలంటే నెలన్నర పడుతుంది. పైగా అందులో 'స్టోరేజ్ సేవర్' ఎంచుకుని ఉంటే మీ 4కే వీడియోలు 1080పీకి తగ్గిపోతాయి.

ఐఫోన్ విషయం. కేబుల్ కలిపాక ఫోన్ తెర మీద 'ట్రస్ట్' అని అడుగుతుంది, ఒప్పుకుని పాస్‌కోడ్ కొట్టాలి. ముందుగా సెట్టింగ్స్‌లో ఫోటోస్ తెరిచి, అడుగున 'ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ' కింద 'కీప్ ఒరిజినల్స్' పెట్టండి. కొత్త వెర్షన్లలో ఫోటోస్ అన్నది యాప్స్ లోపలికి మారింది. అక్కడ 'ఆటోమేటిక్' ఉంటే ఫోన్ ప్రతి ఫైలునూ విండోస్ చదవగలిగే పాత రూపంలోకి మార్చి ఇవ్వడానికి ప్రయత్నిస్తుంది. పెద్ద వీడియో దగ్గర తట్టుకోలేక, పరికరం పనిచేయడం లేదని విండోస్ సందేశం ఇచ్చి కాపీ ఆగిపోతుంది. ఐఫోన్‌తో వచ్చేవారి దగ్గర నేను మొదట చూసే సెట్టింగ్ ఇదే.

ఒరిజినల్స్ పెడితే ఫోటోలు 2017లో ఐఓఎస్ 11తో వచ్చిన హెచ్‌ఈఐసీ రూపంలో వస్తాయి. ల్యాప్‌టాప్‌లో తెరుచుకోకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో హెచ్‌ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్ ఉచితంగా దొరుకుతుంది. ఫోటోలకు కూడా హెచ్‌ఈవీసీ అనే ఇంకో ఎక్స్‌టెన్షన్ అడిగితే దానికి కొద్దిపాటి ధర ఉంటుంది. వీడియోలకైతే వీఎల్‌సీ ప్లేయర్ వేసుకుంటే చాలు. ఇంకొకటి: ఫోన్‌లో ఐక్లౌడ్ ఫోటోస్ పెట్టి 'ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్' ఎంచుకుని ఉంటే, అసలు ఫైళ్లు ఆపిల్ సర్వర్లలో ఉండి ఫోన్‌లో చిన్నవి మాత్రమే ఉండవచ్చు. అప్పుడు కేబుల్‌తో అన్నీ రావు. ఐక్లౌడ్ వెబ్‌సైట్ నుంచి దించుకోవాల్సి ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లోకి చేరగానే పని అయిపోయిందనుకోవద్దు. ల్యాప్‌టాప్ డిస్కు కూడా పాడయ్యే వస్తువే. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు కొని అందులో రెండో కాపీ ఉంచండి. పాత పెన్‌డ్రైవ్‌లో పెద్ద వీడియో ఎక్కడం లేదంటే అది ఫ్యాట్32 పద్ధతిలో ఉందని అర్థం. దానిలో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే పడుతుంది, కానీ ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు ఖాళీ చేసుకోండి. ఆ హార్డ్‌డిస్కును కూడా ల్యాప్‌టాప్ పక్కనే అదే బీరువాలో పెట్టకండి. 2023 జూలై వరదల్లో హనుమకొండ నయీంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు చేరిన సంగతి మనకు తెలిసినదే. అలాంటప్పుడు ఒకే గదిలో ఉన్న రెండు కాపీలూ కలిసే పోతాయి. అత్తగారింట్లోనో, అన్నయ్య ఇంట్లోనో ఉంచితే మేలు.

ఇవన్నీ మీరే ఇంట్లో చేసుకోగలిగినవి. ఎవరైనా నెట్ సెంటర్‌లో చేయించుకోవాల్సి వస్తే, లాక్ తీసిన ఫోన్‌ను అప్పగించి టీ తాగడానికి వెళ్లకండి. పక్కనే కూర్చోండి, మీ పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా కాపీ చేయించుకోండి. ఇంట్లో ఆడపిల్లల ఫోటోలు, బ్యాంకు స్క్రీన్‌షాట్లు అన్నీ అందులోనే ఉంటాయి.

చివరగా ఫోన్ ఖాళీ చేయడం. ల్యాప్‌టాప్‌లోనూ, హార్డ్‌డిస్కులోనూ రెండుచోట్ల ఫైళ్లు తెరుచుకుంటున్నాయని తేలాక, ఒక వారం ఆగి తొలగించండి. గూగుల్ ఫోటోస్ బ్యాకప్ పెట్టుకుని ఉన్నవారు ఆ యాప్‌లో తొలగిస్తే క్లౌడ్‌లోని కాపీ కూడా పోతుంది. ఫోన్‌లో మాత్రమే పోవాలంటే అదే యాప్‌లోని 'ఫ్రీ అప్ స్పేస్' వాడాలి. తొలగించిన వెంటనే స్థలం పెరగకపోతే ఆశ్చర్యపోకండి. గ్యాలరీ చెత్తబుట్టలో అవి మామూలుగా 30 రోజులు ఉంటాయి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవైతే 60 రోజులు ఉంటాయి. స్థలం వెంటనే కావాలంటే చెత్తబుట్ట తెరిచి ఖాళీ చేయాలి, అత్యవసరం లేకపోతే ఆ గడువు తీరేదాకా అలాగే వదిలేయండి.